విని తీర్పు చెప్పుట: విశ్వవిద్యాలయముల చరిత్రలో నొక ధర్మము

రచ్చబండకడ కూర్చుండి తగవులు తీర్చిన పెద్దలకు ఒక సంగతి నేను క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఒక పక్షమువారి మాట మాత్రమే విని చెప్పిన తీర్పు, ఒకవేళ న్యాయమైనదే యైనను, ఊరివారి మనస్సున న్యాయముగా నిలువదు. ఓడినవాడు ఇంటికి పోయి, ‘నా మాట వారు విననేలేదు’ అని ఒక్క మాట యనినచో, ఆ తీర్పునకుగల గౌరవమంతయు పోవును. ఈ సూక్ష్మము అక్షరము రానివారికిని తెలియును. అయితే చదువులకే పుట్టినిండ్లైన విశ్వవిద్యాలయములకు ఇది అలవడుటకు కొన్ని వందల యేండ్లు పట్టినది. అది యెట్లు అలవడెనో, ఎవరెవరి తగవులవలన స్థిరపడెనో నేటి ప్రసంగమున మనవి చేసెదను.

ఇది మనకేల యని యెవరైన నడుగవచ్చును. నేడు ప్రతి పల్లెనుండియు పిల్లలు పరీక్షలకు పోవుచున్నారు. తండ్రి పొలము తాకట్టు పెట్టి చదివించిన కొడుకు చేతికి తుదకు వచ్చునది ఒక కాగితము. దానిపై నొక సంస్థ ముద్ర యుండును. ఆ ముద్ర యున్నచో ఉద్యోగమునకు దారి యేర్పడును. లేనిచో గడచిన యేండ్లును, పెట్టిన సొమ్మును నీళ్లపాలే. ఆ కాగితము నిచ్చు సంస్థకు దానిని నిలిపివేయు శక్తియు, రద్దుచేయు శక్తియు కలవు. ఇంత శక్తికి హద్దేమి? ఆ శక్తిని ప్రయోగించువారిని అడుగువా రెవరు? ఈ రెండు ప్రశ్నలకు చరిత్ర యిచ్చిన సమాధానమే నా ప్రసంగవిషయము.

మొదట విశ్వవిద్యాలయ మనగా నేమో చూతము. తక్షశిల, నాలంద మొదలగు మన ప్రాచీన విద్యాస్థానముల కీర్తి మీరెరిగినదే. కాని నేడు పట్టములిచ్చు సంస్థల కట్టుబాటు యూరపు ఖండమునుండి వచ్చినది. లాటిను భాషలో ‘యూనివర్సితాస్’ అను మాటకు మొదట విద్య యను నర్థము లేదు. ఒక సమూహము, ఒక శ్రేణి యని మాత్రమే యర్థము. మన దేశమున సాలెలకు, తెలికలకు, వర్తకులకు శ్రేణు లుండెడివి గదా! అట్లే 12, 13 శతాబ్దములలో చదువు నిమిత్తము కూడినవారును శ్రేణులు కట్టుకొనిరి. ఇటలీలోని బొలోన్యా నగరమున విద్యార్థులే సంఘముగా నేర్పడి తమ పెద్దను తామే యెన్నుకొనిరి. అచ్చటి ఆచార్యుడు ఆలస్యముగా పాఠము మొదలుపెట్టినచో జరిమానా చెల్లించవలసియుండెను. సెలవు పొందక ఊరు విడిచిపోరాదు. పారిసు నగరమున ఇందుకు మారుగా ఆచార్యులే సంఘము కట్టి పాలించిరి. ఇంగ్లండులోని ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విద్యాలయములు పారిసు మార్గము ననుసరించినవి.

క్రమముగా రాజులును, పోపులును ఈ సంఘములకు సన్నదు లిచ్చిరి. సన్నదు పొందిన సంఘము చట్టము దృష్టిలో నొక వ్యక్తి. దానికి పేరు కలదు, ముద్ర కలదు, ఆస్తి కలదు. సభ్యులు మరణించినను అది మరణింపదు. ఇది వినుటకు వింతగా తోచినను మనకు క్రొత్త కాదు. దేవాలయపు మాన్యము దేవుని పేరనే యుండును. ధర్మకర్త ఆ మాన్యమును సాగుచేయించును, శిస్తు వసూలు చేయును, దీపధూప నైవేద్యములు జరిపించును. కాని ఆ మాన్యము ధర్మకర్తది కాదు. అతడు దాని నమ్ముకొనినను, బంధువులకు పంచిపెట్టినను ఊరు ఊరకుండదు. విశ్వవిద్యాలయపు అధికారులును ఇట్టివారే. వారు ధర్మకర్తలే గాని స్వామి కాదు. వారి చేతిలోనున్న అధికారము తమ యిష్టమున కిచ్చినది కాదు. ఒక శాసనము ద్వారా, ఒక ప్రయోజనముకొరకు అప్పగింపబడినది.

ఇట్టి సంస్థలయందు అన్యాయము రెండు దారుల వచ్చును. ఒకటి, వెలుపలి ప్రభువు లోపలికి చేయి చాపుట. రెండవది, లోపలి అధికారులు తమలోని ఒక వ్యక్తిపై చేయి యెత్తుట. ఈ రెండింటికిని ఇంగ్లండు చరిత్రలో రెండు ప్రసిద్ధమైన దృష్టాంతములు గలవు.

మొదటిది 1687వ సంవత్సరమున జరిగినది. ఆక్సుఫర్డులోని మాగ్డలెన్ కళాశాలకు అధ్యక్షుని స్థానము ఖాళీ పడెను. కళాశాల నిబంధనల ప్రకారము అచ్చటి ఫెలోలు, అనగా సభ్యులు, తమ అధ్యక్షుని తామే యెన్నుకొనవలెను. రెండవ జేమ్సు రాజు తన కిష్టుడైన యొకనిని ఎన్నుకొనుడని ఆజ్ఞ పంపెను. ఆ వ్యక్తికి నిబంధనలు కోరు అర్హతలు లేకుండుటచే సభ్యులు ఆ యాజ్ఞను పాటింపక, జాన్ హఫ్ అను నతనిని ఎన్నుకొనిరి. రాజు కోపించి మరియొకనిని నియమించి, ఎదిరించిన సభ్యులలో 25 మందిని వెడలగొట్టించెను. మరుసటి సంవత్సరము అక్టోబరులో, సింహాసనము కదలుచున్నదని తెలిసిన పిమ్మట, వారిని మరల చేర్చుకొనెను. అప్పటికి ఆలస్యమయ్యెను, 1688 డిసెంబరులో జేమ్సు దేశము విడిచి పారిపోయెను. ఆయన పతనమునకు అనేక కారణము లుండెను. వానిలో, వ్రాసియున్న నిబంధనను రాజే త్రొక్కివేయుట ప్రజలకు రుచింపకపోవుట యొకటి.

రెండవ దృష్టాంతమునందు రాజు లేడు. పండితులే పండితునిపై తీర్పు చెప్పిరి. కేంబ్రిడ్జిలో ట్రినిటీ కళాశాలకు రిచర్డు బెంట్లీ యను నతడు 1700వ సంవత్సరము మొదలు అధ్యక్షుడుగా నుండెను. గ్రీకు, లాటిను భాషలయందు ఆనాడు యూరపులో ఆయనకు సాటివారు లేకుండిరి. పాండిత్య మెంతటిదో కలహప్రియత్వమును అంతటిది. తన కళాశాల సభ్యులతో ఆయన సాగించిన తగవులు ముప్పది యేండ్లకు పైబడినవి.

1717లో మొదటి జార్జి రాజు కేంబ్రిడ్జిని దర్శించినపుడు పలువురికి వేదాంతశాస్త్రమున ‘డాక్టరు’ పట్టములు ప్రసాదింపబడెను. అప్పుడు ఆ శాస్త్రమునకు ఆచార్యుడు బెంట్లీయే. పట్టము పొందు ప్రతివాడును మామూలు రుసుముగాక తనకు నాలుగు గినీలు చెల్లించవలెనని ఆయన పట్టుపట్టెను. కానియర్సు మిడిల్టను అను పండితుడు ఆ సొమ్ము చెల్లించి, తరువాత అది అన్యాయపు వసూలని ఉపకులపతి న్యాయస్థానమున దావా వేసెను. ఆ న్యాయస్థానమునుండి పత్రముతో బంట్రోతు వచ్చెను. బెంట్లీ ఆ పత్రమును తీసికొని, ఉపకులపతి తనకు న్యాయాధికారి కాడనియు, ఆయన బుద్ధిహీనముగా ప్రవర్తించెననియు పలికెనని బంట్రోతు తిరిగిపోయి ప్రమాణపూర్వకముగా చెప్పెను.

ఇంకేమున్నది! 1718 అక్టోబరునెలలో బెంట్లీ పట్టములు ముందుగా నిలిపివేయబడెను. కొన్ని దినములకే విశ్వవిద్యాలయపు సభ కూడి, ఆయన పట్టములన్నింటిని తీసివేసెను. ఆయనను పిలిపించలేదు, మీపైగల నేరమిది, మీరేమందురని యడుగలేదు. నాలుగు గినీల తగవుగా మొదలైనది జీవితకాలపు పాండిత్యమునకు గుర్తుగానున్న పట్టములను పోగొట్టుటతో ముగిసెను.

బెంట్లీ ఊరకుండువాడు కాడు. రాజునకు విన్నవించుకొనెను; తుదకు వ్యాజ్యము లండనులోని రాజన్యాయస్థానమునకు చేరెను. 1723లో న్యాయాధిపతులు బెంట్లీకి అనుకూలముగా నిర్ణయించిరి. అవమానకరమైన మాట లాడిననేరమునకు పట్టములు తీసివేయు అధికారము సభకు లేదనియు, ఉన్నను ఆయనను పిలిచి వినకుండ అట్లు చేయరాదనియు వారి యభిప్రాయము. ఫార్టెస్క్యూ అను న్యాయాధిపతి యీ సందర్భమున బైబిలులోని ఆదాము కథను జ్ఞప్తికి తెచ్చెను. నిషిద్ధఫలమును ఆదాము తినినసంగతి సర్వజ్ఞుడైన దేవునికి తెలియదా? తెలిసియు, వనమునుండి వెడలగొట్టుటకు ముందు నీవు దానిని తింటివా యని ఆయన నడిగెను. హవ్వను కూడ నడిగెను. దేవుడే విని శిక్షించెనన్నచో కేంబ్రిడ్జి సభ వినకపోవుట యెట్లు చెల్లునని ఆయన భావము.

న్యాయస్థానము విశ్వవిద్యాలయమునకు ‘మాండమస్’ అను ఆజ్ఞాపత్రమును పంపెను. లాటినులో ఆ మాటకు ‘ఆజ్ఞాపించుచున్నాము’ అని యర్థము. 1724 మార్చినెలలో బెంట్లీ పట్టములు తిరిగి వచ్చెను.

పెద్దలు ఇచ్చట నొక విషయమును గమనింపవలెను. బెంట్లీ మంచివాడు గనుక గెలువలేదు. తన కళాశాలలో ఆయన చేసిన నిరంకుశత్వమునకు సభ్యులు విసిగి, ఆ కళాశాలకు విజిటరైన ఈలీ బిషప్పుకడ ఫిర్యాదుచేసిరి. విజిటరనగా పైనుండి తనిఖీచేయు పెద్ద. విచారణ జరిగి, 1734లో బెంట్లీని పదవినుండి తొలగించవలెనని ఆ బిషప్పు తీర్పు చెప్పెను. కాని ఆ తీర్పును అమలుజరుపవలసినవాడు కళాశాల ఉపాధ్యక్షుడు. అతడు బెంట్లీకి మిత్రుడు. అతడు కదలలేదు. బెంట్లీ 1742లో మరణించువరకు ఆ పదవిలోనే యుండెను. కావున ఒకే మనుష్యుని కథలో మనకు రెండు పాఠములు కలవు. చెడ్డవానిని సైతము విని శిక్షింపవలెననునది మొదటిది. విని చెప్పిన తీర్పును అమలుపరచు వ్యవస్థ సరిగా లేనిచో ఆ తీర్పు కాగితముపైనే నిలిచిపోవుననునది రెండవది.

ఇక మన దేశమునకు వత్తము. 1857లో, సిపాయిల తిరుగుబాటు జరుగుచుండిన ఆ సంవత్సరముననే, కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు మూడు చట్టములద్వారా పుట్టెను. మద్రాసు చట్టము సెప్టెంబరు 5వ తేదీది. ఆనాడు మన తెలుగు జిల్లాలలో పలువురకు పట్టములిచ్చినది ఆ మద్రాసు విశ్వవిద్యాలయమే. గవర్నరు కులపతి, ఆయన క్రింద ఉపకులపతి, సెనేటు అను మహాసభలో ఫెలోలు. ఈ ఫెలోలు యావజ్జీవము ఆ పదవిలో నుండెడివారు. విశ్వవిద్యాలయము పాఠములు చెప్పదు. పరీక్షలు జరిపి పట్టము లిచ్చును. లండను విశ్వవిద్యాలయమును చూచి చేసిన కట్టడి యిది.

1904లో కర్జను ప్రభువు క్రొత్త చట్టము తెచ్చెను. పై మూడు విశ్వవిద్యాలయములలో ఫెలోలు 50కి తక్కువగాను, 100కి ఎక్కువగాను ఉండరాదు. వారి పదవి అయిదేండ్లు. వారిలో ఎన్నికద్వారా వచ్చువారు 20 మంది. మిగిలినవారిలో హెచ్చుమందిని నియమించు అధికారము కులపతిది. సభ మరీ పెద్దదై పనికి అడ్డమగుచున్నదన్న వాదమునందు కొంత నిజమున్నను, దేశీయుల చేతినుండి పాలన జారి ప్రభుత్వముచేతికి పోవుచున్నదని గోపాలకృష్ణ గోఖలే మొదలగువారు దానిని గట్టిగా నెదిరించిరి. 1923లో ఈ తగవు మరియొక రూపమున బయటపడినది. కలకత్తా ఉపకులపతి ఆశుతోష్ ముఖర్జీ. ఆయన పదవిని పొడిగించుటకు బెంగాలు గవర్నరు లిట్టను ప్రభువు, ఇకమీదట ప్రభుత్వమునకు అనుకూలముగా నడువవలెనని షరతు పెట్టెను. ఆశుతోషుడు ఆ షరతుతో పదవి నాకక్కరలేదని తిరస్కరించి ఉత్తరము వ్రాసెను. మాగ్డలెన్ కళాశాల సభ్యులు చేసిన పనియు ఇదియే గదా!

తెలుగు దేశమున 1926లో మద్రాసు శాసనసభ చట్టమువలన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినది. మొదట బెజవాడయందుండి తరువాత వాల్తేరునకు చేరినది. తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1930లో ఉప్పు సత్యాగ్రహకాలమున ప్రభుత్వము సాగించిన దౌర్జన్యమునకు నిరసనగా ఆయన ఆ పదవిని విడిచిరి. 1936లో మరల వచ్చిరి. నైజాము రాజ్యమున ఉస్మానియా విశ్వవిద్యాలయము పుట్టుక వేరు. అది శాసనసభ చట్టమువలన కాదు, ప్రభువు ఫర్మానువలన పుట్టినది. 1917లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మాను జారీచేయగా, 1918లో అది స్థాపితమయ్యెను. ఫర్మానుతో పుట్టినదానిని మరియొక ఫర్మానుతో మార్చవచ్చును. చట్టముతో పుట్టినది అట్లు కాదు. చట్టసభలో పలువురు చర్చించి మార్చవలెను. ఉస్మానియా 1959లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టము క్రిందికి వచ్చెను. ఈ భేదమును గుర్తుంచుకొనుడు. కథ మరల ఇచ్చటికే వచ్చును.

1950 జనవరి 26న మన రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. అందు 14వ అధికరణము చట్టము ముందర అందరును సమానులని చెప్పుచున్నది. 226వ అధికరణము ప్రతి హైకోర్టునకును ఆజ్ఞాపత్రములు పంపు అధికార మిచ్చుచున్నది. బెంట్లీ పట్టములను తిరిగి యిప్పించిన ఆ మాండమస్ ఆజ్ఞయే ఇందును కలదు. చట్టమువలన పుట్టిన విశ్వవిద్యాలయము ప్రజాధికారమును నడపు సంస్థ గనుక, దాని పనులు ఈ యాజ్ఞకు లోబడియుండును. లండనులో నొక పండితునికి లభించినది ఇచ్చట ఏ రైతుబిడ్డకైనను లభింపదగిన హక్కయ్యెను.

అది మాటలకే పరిమితము కాలేదు. ఉత్తరప్రదేశమున ముగ్గురు విద్యార్థులు 1954లో ఇంటర్మీడియెటు పరీక్ష వ్రాసిరి. జూనునెలలో ఫలితములు వచ్చెను, ముగ్గురును తేరిరి, పైచదువులలో చేరిరి. డిసెంబరులో వారి యిండ్లకు కబురు వచ్చెను: మీ పిల్లలు పరీక్షలో అక్రమముగా ప్రవర్తించిరి, ఫలితము రద్దయినది, మరుసటి సంవత్సరము పరీక్షకు కూడ కూర్చుండరాదు. పరీక్షాసంఘము వారిని పిలువలేదు. వారి సమాధానము వినలేదు. వ్యాజ్యము సుప్రీంకోర్టువరకు పోయెను. పరీక్షార్థి మాట వినవలెనని మా చట్టమున ఎచ్చటను వ్రాసియుండలేదని బోర్డువారు వాదించిరి. 1962లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసివేసెను. చట్టమున వ్రాయకపోయినను, ఒక బాలుని జీవితమునే మార్చివేయు నిర్ణయము చేయునపుడు ఆ సంఘము న్యాయాధికారివలె నడువవలెననియు, నేరారోపణ తెలిపి వాని సమాధానము వినవలెననియు నిర్ణయించెను. ఆ తీర్పు ఒక పరీక్షా బోర్డు విషయమున వచ్చినను, పరీక్షలు జరుపు విశ్వవిద్యాలయములకును అదియే ధర్మము.

అట్లని కోర్టులు ప్రతి విషయమునందును తలదూర్చునని తలపరాదు. ఇందును వివేకముగల హద్దు కలదు. మైసూరు విశ్వవిద్యాలయమున నొక ఆంగ్ల రీడరు నియామకమునుగూర్చి వచ్చిన వ్యాజ్యములో 1963లో సుప్రీంకోర్టు వేరొక మాట చెప్పెను. పండితుల సంఘము యోగ్యతను తూచి యొకనిని ఎన్నుకొనినపుడు, నిబంధనలను మీరినట్లు కనబడనిచో, కోర్టు తన తక్కెడతో మరల తూచరాదు. 1970లో బీహారునుండి వచ్చిన వ్యాజ్యమున ఒక పరీక్షాకేంద్రమంతయు చూచివ్రాతలతో పాడైనట్లు తేలెను. అట్టిచో ఒక్కొక్కని పిలిచి విచారించనక్కరలేదు; ఏలయన అందు ఏ ఒక్కనిపైనను నేరము మోపుట లేదు, పరీక్షయే పరీక్ష కాలేదని చెప్పుచున్నారు. కాపువాడు కాపుదనపు పని చేయవలెను, కంసాలి కంసాలిపని చేయవలెను. మార్కులు వేయుట ఆచార్యుని పని. ఆ పని ధర్మముగా జరిగెనా యని చూచుట మాత్రమే న్యాయాధిపతి పని.

ఇప్పుడు ఉస్మానియా కథకు మరలుదము. 1964లో అచ్చటి ఉపకులపతి డి. ఎస్. రెడ్డిగారికి అయిదేండ్ల కాలమునకు పదవి మరల లభించెను. 1966లో శాసనసభ విశ్వవిద్యాలయ చట్టమును సవరించెను. ఉపకులపతి పదవీకాలము అయిదేండ్లనుండి మూడేండ్లకు తగ్గెను. ఉపకులపతిని మధ్యలో తొలగింపవలెనన్నచో దుష్ప్రవర్తనయో అసమర్థతయో ఉండవలెననియు, హైకోర్టులోగాని సుప్రీంకోర్టులోగాని న్యాయాధిపతిగా ఉన్నవారో, ఉండినవారో విచారణ జరుపవలెననియు, ఆయన సమాధానము వినవలెననియు అందు వ్రాసిరి. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని అదే సంవత్సరమున రెండవ సవరణ వచ్చెను. దానిలో నొక నిబంధన యిట్లున్నది: ఈ సవరణ వచ్చుసరికి ఉపకులపతిగా నున్న వ్యక్తి, క్రొత్త ఉపకులపతి నియమింపబడువరకే పదవిలో నుండును, ఆ నియామకము 90 దినములలో జరుగవలెను.

పేరు వ్రాయలేదు, వ్రాయనక్కరయును లేదు. ఆ సమయమున ఉపకులపతి ఒక్కడే గదా! ఇకమీద వచ్చు ఉపకులపతులందరికిని విచారణ యను రక్ష కలదు. ఈ యొక్కనికి మాత్రము లేదు. ఆయనపై నేరము చెప్పలేదు, చెప్పినచో విచారింపవలసివచ్చును. హైకోర్టులో ఆయన పక్షము నెగ్గలేదు. 1967లో సుప్రీంకోర్టు ఆ నిబంధన రాజ్యాంగములోని 14వ అధికరణమునకు విరుద్ధమని కొట్టివేసెను. ఉన్నవానికిని, రాబోవువారికిని పదవి ఒకటే, పనులొకటే. అట్టిచో ఒక్కనిని వేరుచేసి ఆ రక్షను తీసివేయుటకు తగిన కారణము లేదని దాని సారాంశము.

దీనియందలి గాంభీర్యమును మీరు గ్రహింపుడు. రాజు ఫర్మాను ఇచ్చు కాలము పోయెను. ప్రజలెన్నుకొనిన సభ చట్టము చేయు కాలము వచ్చెను. కాని చట్టమను పేరు పెట్టి ఫర్మానును పంపిన నేమగును? ఒక్కని నుద్దేశించి, వాని మాట వినకుండ చేసిన చట్టము చట్టపు వేషము ధరించిన ఫర్మానే. జేమ్సు రాజు చేతితో చేయగోరినది సభ చేతితో చేసినను అది ధర్మము కాదని 1967 నాటి తీర్పు మన నేలమీదనే చాటినది. తరువాత 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉన్నతవిద్యకంతకు నొక కమిషనరేటును చట్టముద్వారా స్థాపించినపుడును, ఉస్మానియా ఉపాధ్యాయుల సంఘము కోర్టునకు పోయెను. ఉన్నతవిద్య ప్రమాణములను సమన్వయపరచుట పార్లమెంటు పరిధిలోని విషయమని 1987లో సుప్రీంకోర్టు ఆ చట్టమును కొట్టివేసెను.

అధికారమును ధారాళముగా పంచిపెట్టుటయు తప్పే. 2002లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము ప్రైవేటు విశ్వవిద్యాలయములకు దారి తెరచుచు నొక చట్టము చేసెను. స్వల్పకాలములో 112 విశ్వవిద్యాలయములు పుట్టుకొనివచ్చెను. వానిలో పెక్కింటికి భవనములు లేవు, గ్రంథాలయములు లేవు, ఆచార్యులు లేరు. కాగితము, ముద్ర మాత్రము కలవు. ఆచార్య యశ్‌పాల్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు వేసిన వ్యాజ్యమున 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టములోని ముఖ్యభాగములను కొట్టివేయగా, ఆ సంస్థలు విశ్వవిద్యాలయములుగా నిలువలేదు. విగ్రహము లేని గుడికి మాన్యము రాసినట్లు, చదువులేని చోట పట్టమిచ్చు అధికారము చెల్లదని దాని భావముగా నేను గ్రహించితిని. ఇట్టి సంస్థలలో డబ్బుకట్టి చేరిన పిల్లలకు కలిగిన చిక్కులను తలచినచో, పిల్లవానిని చేర్పించుటకు ముందు ఆ సంస్థ ఏ చట్టమువలన పుట్టినది, దానిని యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను గుర్తించినదా యని విచారించుట పెద్దల కర్తవ్యమని వేరుగా చెప్పనక్కరలేదు.

మరియొక ముందడుగు 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము. ప్రభుత్వ సంస్థలవలెనే చట్టమువలన పుట్టిన విశ్వవిద్యాలయములును ప్రజలడిగిన సమాచారమును, సామాన్యముగా 30 దినములలో, ఇయ్యవలెను. పూర్వము పరీక్షార్థికి తన జవాబుపత్రమును చూచు హక్కు లేదనుచుండిరి. 2011లో సుప్రీంకోర్టు, దిద్దిన జవాబుపత్రమును పరీక్షార్థి ఈ చట్టము క్రింద చూడవచ్చునని తీర్పు చెప్పెను. మార్కులను కోర్టు వేయదు. కాని వేసినవారు ఎట్లు వేసిరో చూపవలెను. గుడి లెక్కలు ఊరికి చదివి వినిపించిన ధర్మకర్తకు భయమేల?

ఇంతవరకు చెప్పినదానిని ముడివేసి నాలుగు మాటలలో చెప్పెదను. విశ్వవిద్యాలయము తనకు జన్మమిచ్చిన చట్టమును దాటరాదు. ఒకని హక్కును తీసివేయుటకు ముందు వాని మాట వినవలెను. ఒకనికొక నీతి, మరియొకనికొక నీతి యుండరాదు. అడిగినవారికి లెక్క చెప్పవలెను. ఈ నాలుగును విద్యార్థిపట్ల విశ్వవిద్యాలయమునకు గల ధర్మములు. విశ్వవిద్యాలయముపట్ల ప్రభుత్వమునకును గల ధర్మములు. లోపలివారు నిరంకుశులైనచో చదువుకొనువాడు చెడును. వెలుపలివారు నిరంకుశులైనచో చదువే చెడును.

కావున మీ యింటి బిడ్డకు ఏ విశ్వవిద్యాలయమునుండి యైనను నేరారోపణపత్రము వచ్చినచో భయపడి దాచిపెట్టవలదు, కోపగించి చింపివేయవలదు. బెంట్లీవలె తెచ్చినవానిని దూషింపవలదు. గడువులోపల వ్రాతమూలముగా సమాధాన మిప్పించుడు; ఏ నిబంధన ప్రకారము విచారించుచున్నారో తెలుపుడని అడిగించుడు; పంపినదానికి నకలు ఉంచుకొనుడు. ఇది బ్రతిమాలుట కాదు. మూడు వందల యేండ్లుగా తగవులాడి సంపాదించిన హక్కు. బిడ్డ తప్పు చేసినచో శిక్ష పడనిండు. కాని విని వేసిన శిక్షయే శిక్ష. రచ్చబండపై మీరు పాటించిన ధర్మమునే పెద్ద విద్యాపీఠములను గూడ పాటింపుమని యడుగుటకు మీకంటె తగినవా రెవరు?